మత్తు ఇవ్వకముందే దిండ్లు సర్దాలా, గొంతులో ఊపిరి ట్యూబ్ పడకపోతే అప్పుడు చూసుకోవచ్చా?

తుంగభద్ర_తీరం
కర్నూలులో ఒక ఆసుపత్రిలో అనస్థీషియా టెక్నీషియన్‌గా నాలుగేళ్ల నుంచి చేస్తున్నాను. ఆసుపత్రి పేరు అడగొద్దు. మొన్న పిత్తాశయంలో రాళ్ల కేసు వచ్చింది. 45 ఏళ్ల ఆవిడ, 104 కిలోలు, మెడ పొట్టి. కొత్తగా చేరిన మత్తు డాక్టర్ మేడం, ఆవిడను టేబుల్ ఎక్కించకముందే నాలుగైదు దుప్పట్లు మడిచి వీపు దగ్గర నుంచి తల దాకా మెట్లలాగా పేర్చమన్నారు. నేను పేరుస్తున్నాను. సర్జన్ వచ్చి ఆలస్యమవుతోందని కేకలేశారు. మా సీనియర్ టెక్నీషియన్ అన్న కూడా "ముందు నిద్రపుచ్చుదాం మేడం, ట్యూబ్ పడకపోతే అప్పుడు పెడదాం" అన్నాడు. మేడం కొత్త కదా, వెనక్కి తగ్గారు. దుప్పట్లు తీసేశాం.

మందు ఎక్కింది. గొంతులోకి చూసే లారింగోస్కోప్ పెట్టి చూస్తే ఎపిగ్లాటిస్ (ఊపిరి గొట్టం మీది మూత) అంచు తప్ప ఇంకేమీ కనపడలేదు. రెండోసారీ అంతే. శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 99 నుంచి 82కి పడిపోయింది. అప్పుడు "దుప్పట్లు తెండి" అన్నారు. ఒళ్లు వదిలేసిన 104 కిలోల మనిషిని లేపాలంటే నలుగురం చాలలేదు. ఒకపక్క మేడం మాస్కుతో ఊపిరి ఇస్తూనే ఉన్నారు, ఇంకోపక్క బయట నుంచి ఇద్దరు ఎంఎన్‌ఓలను (వార్డు బాయ్‌లను) పిలిచి, భుజాలు ఎత్తి, దుప్పట్లు లోపలికి తోశాం. మూడోసారి బూజీ (ట్యూబ్‌కు దారి చూపే సన్నటి కడ్డీ) మీద ట్యూబ్ పడింది. ఆవిడ బాగానే ఉంది, ఇంటికి కూడా వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చేతిలో ఉన్న దుప్పట్లను నేనే తీసి పక్కన పెట్టాను కదా అని.

నేను అడిగేది ఇది. మేడం చెప్పినట్టు ప్రతి లావు మనిషికీ ముందే ఈ దుప్పట్ల మెట్లు, అంటే ర్యాంప్, కట్టాల్సిందేనా? మా అన్న చెప్పినట్టు తర్వాత చూసుకుంటే తప్పా? పెద్దవాళ్లు చెప్పండి.

మత్తుమందు_అనంత
తప్పే. ఇందులో మొహమాటం అక్కర్లేదు. అనంతపురంలో ఇరవై రెండేళ్ల నుంచి మత్తు ఇస్తున్నాను. పడుకోబెట్టాక సర్దుదాం అనుకున్న ప్రతిసారీ చెమటలు పట్టాయి. మెలకువలో ఉన్న మనిషి తనంతట తానే ఎక్కి, సరిగ్గా మనం పేర్చిన చోట పడుకుంటుంది. మెడ నొప్పిగా ఉంటే చెప్తుంది కూడా. మందు పడ్డాక ఆ మనిషే ఇసుక మూట.

బాబూ, నువ్వు నిద్ర పట్టలేదన్నావు చూడు, ఆ బాధను పోనివ్వకు. పని నేర్పేది అదే.

ఉగ్గాని_బజ్జి
నేను డాక్టర్ను కాదు, మామూలు మనిషిని. అర్థం కాక అడుగుతున్నా. గొట్టం నోట్లోంచి కదా వేసేది? వీపు కింద దుప్పట్లు ఎందుకు?

మత్తుమందు_అనంత
@ఉగ్గాని_బజ్జి మంచి ప్రశ్న. నోరు ఒక దారి, గొంతు ఒక దారి, ఊపిరి గొట్టం ఒక దారి. వెల్లకిలా చాప మీద పడుకుంటే ఈ మూడూ ఒకదానికొకటి వంకరగా ఉంటాయి. నోట్లోంచి చూస్తే నాలుక మొదలు అడ్డం వస్తుంది, స్వర తంత్రులు కనపడవు. కనపడనిదే ట్యూబ్ వేయాలంటే గుడ్డిగా వేయడమే.

మెడ కింది భాగం ముందుకు వంగాలి. తల మాత్రం వెనక్కి వాలాలి. ఈ రెండూ ఒకేసారి జరగాలి. పుస్తకాల్లో మెడ 35 డిగ్రీలు ముందుకు, మొహం 15 డిగ్రీలు వెనక్కి అని రాస్తారు. మామూలు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి తల కింద 7 నుంచి 9 సెంటీమీటర్ల గట్టి దిండు పెడితే ఇది వస్తుంది. దీన్నే స్నిఫింగ్ పొజిషన్ అంటాం. 1936లో ఇంగ్లండ్‌లో ఐవాన్ మాగిల్ అనే మత్తు డాక్టర్, పొద్దున్నే బయటి గాలిని వాసన పీల్చే మనిషి తల ఎలా ఉంటుందో అలా ఉండాలన్నాడు. ఆ మాటే నిలిచిపోయింది.

ఉగ్గాని_బజ్జి
సార్, పొద్దున గాలి సంగతి నాకు తెలీదు గానీ, మా రాజ్‌విహార్ దగ్గర బండి మీద ఉగ్గానిలో తిరగవాత వేస్తున్నప్పుడు మెడ ముందుకు చాచి, మొహం పైకెత్తి పీలుస్తాం చూడండి. అదేనా?

మత్తుమందు_అనంత
అచ్చంగా అదే. రేపటి నుంచి మా విద్యార్థులకు అట్లే చెప్తాను, మర్చిపోరు.

పీజీ_రెండో_ఏడు
😄 సార్, వైవాలో ఉగ్గాని పొజిషన్ అంటే మార్కులు వేస్తారా?

నాకు ఇంకో సందేహం. లావు మనిషికి తల కింద ఒక్క దిండు ఎందుకు చాలదు? మొదటి ఏడాది నేను రెండు దిండ్లు తల కింద పెట్టాను. గడ్డం పోయి ఛాతీకి అతుక్కుంది, నోరు తెరవడానికే చోటు లేకపోయింది.

కడప_సిస్టర్
తల ఒక్కటే లేపితే అంతే అవుతుంది. వీపు, భుజాలు, తల మూడూ కలిపి లేవాలి. పడక కుర్చీలో కూర్చున్నట్టు. మా థియేటర్‌లో నేను పక్కకు వెళ్లి వంగి చూస్తాను. చెవి రంధ్రం, కంఠం కింద రెండు ఎముకల మధ్య గుంట, ఈ రెండూ ఒకే మట్టంలో ఉండాలి. నేలకు సమాంతరంగా గీత గీసినట్టు రావాలి. మా నాయన మేస్త్రీ. రసమట్టం పెట్టి గోడ చూసినట్టే చూస్తాను.

ఎన్ని దుప్పట్లు అని అడిగితే చెప్పలేను. ఒకరికి మూడు, ఇంకొకరికి ఎనిమిది పట్టాయి. చెవి, గుంట ఒక మట్టానికి వచ్చేదాకా పేర్చడమే.

మత్తుమందు_అనంత
సిస్టర్ చెప్పిందే కొలమానం. అంతకు మించి డిగ్రీలు కొలవనక్కర్లేదు. లావు మనిషి చదునుగా పడుకుంటే ఛాతీ బరువు గడ్డం మీదికి జారుతుంది. స్కోప్ పిడి ఛాతీకి తగులుకుని నోట్లోకే పోదు. పొట్ట పైకి తోసి ఊపిరితిత్తులను నొక్కేస్తుంది. ర్యాంప్ మీద ఈ మూడు బాధలూ తగ్గుతాయి. 2004లో 60 మంది బాగా లావున్నవాళ్ల మీద పోల్చి చూసినప్పుడు కూడా, మామూలు దిండు కంటే ర్యాంప్ మీద గొంతు బాగా కనపడింది.

పెన్నా_ఒడ్డు
ప్రొద్దుటూరు నుంచి. నేనూ మత్తు డాక్టర్నే, కొంచెం ఎదురు చెప్పాలి. అందరూ మాగిల్ పేరు చెప్పి దీన్ని వేదవాక్కు చేశారు. 2001లో ఫ్రాన్స్‌లో 456 మంది మీద చూశారు. స్నిఫింగ్ పొజిషన్‌కూ, దిండు లేకుండా ఊరికే తల వెనక్కి వాల్చడానికీ మామూలు రోగుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మూడు దారులూ ఒకే గీతలోకి వస్తాయన్న మాట కూడా నిలబడదు. అదే జట్టు ఎమ్మారై తీసి చూస్తే ఏ పొజిషన్‌లోనూ అవి ఒకే గీతలోకి రాలేదు. పైగా ఇప్పుడు వీడియో లారింగోస్కోప్‌లు వచ్చాయి. కెమెరా మూలమలుపు దాటి చూస్తుంది. ప్రతి కేసుకూ అరగంట దుప్పట్లు పేర్చుకుంటూ కూర్చుంటే లిస్టు ఎప్పటికి అయిపోవాలి?

తుంగభద్ర_తీరం
సార్, అరగంట కాదు. నేను పేర్చింది మూడు నిమిషాలే. వాటిని తీసేసి, మళ్లీ లోపలికి తోయడానికే పదిహేను నిమిషాలు పట్టింది.

మత్తుమందు_అనంత
@పెన్నా_ఒడ్డు ఆ 2001 పరిశోధన నేనూ చదివాను సార్. మీరు చెప్పింది నిజమే, కానీ సగమే. అందులోనే లావు మనిషికీ, మెడ సరిగ్గా వాలని మనిషికీ స్నిఫింగ్ పొజిషనే మేలని తేలింది. మన తమ్ముడు అడిగింది 104 కిలోల ఆవిడ గురించి. మూడు గీతల సిద్ధాంతం 1944 నాటిది, అందులో లోపాలున్నాయి, ఒప్పుకుంటాను. సిద్ధాంతం తప్పైనంత మాత్రాన దిండు తప్పు కాదు.

వీడియో స్కోప్ మాట సరే. తెరమీద గొంతు చక్కగా కనపడుతుంది, ట్యూబ్ మాత్రం అక్కడికి మలుపు తిరగదు. ఇది మీకూ అనుభవమే కదా?

పెన్నా_ఒడ్డు
అయింది. చాలాసార్లు.

లావు మనిషికి ర్యాంప్ వద్దని నేను అనలేదు. అందరికీ ఒకే మంత్రం వద్దన్నాను. ఇంకో సంగతి. ఐసీయూలో ఉన్న రోగులకు ర్యాంప్ పెడితే మేలు కంటే కీడు ఎక్కువ కనపడింది. 2017లో అమెరికాలో 260 మంది ఐసీయూ రోగుల మీద చూశారు. మంచాన్ని తల వైపు లేపినవాళ్లలో గొంతు కనపడటం కష్టమైంది, ఎక్కువసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. ఆక్సిజన్ పడిపోవడంలో తేడా రాలేదు.

పీజీ_రెండో_ఏడు
సార్, అందులో ర్యాంప్ అంటే మంచాన్ని తల వైపు 25 డిగ్రీలు లేపడమే కదా, దుప్పట్లతో చెవి, గుంట మట్టం చేయడం కాదు. ఐసీయూ పరుపు మెత్తగా లోపలికి కుంగిపోతుంది. డాక్టర్ నిలబడే చోటు కూడా ఎత్తయిపోతుంది. ఆ పరిశోధనను తెచ్చి థియేటర్ టేబుల్‌కు అంటగట్టలేం అనిపిస్తుంది.

పెన్నా_ఒడ్డు
బాగా చదివావు నాయనా. ఆ తేడా ఉంది. ఐసీయూలో చేసేటప్పుడు మాత్రం ఊరికే మంచం లేపేసి పని అయిపోయిందనుకోవద్దు. పక్కకు వెళ్లి, సిస్టర్ చెప్పినట్టు వంగి చూడు.

కడప_సిస్టర్
ఎత్తు అంటే గుర్తొచ్చింది. టేబుల్ ఎత్తు ఎవరూ పట్టించుకోరు. పొట్టి డాక్టర్ మునివేళ్ల మీద నిలబడుతుంది, పొడుగు డాక్టర్ నడుం వంచి నోట్లోకి తొంగి చూస్తాడు. రోగి నుదురు డాక్టర్ రొమ్ము ఎముక చివరకు రావాలి. ర్యాంప్ కట్టాక తల పైకి లేస్తుంది కాబట్టి టేబుల్ ఇంకాస్త దించాలి, లేదంటే డాక్టర్ కాళ్ల కింద స్టూల్ వేయాలి. మా మేడం నాలుగడుగుల పది అంగుళాలు. ఆమె రాకముందే నేను స్టూల్ వేసి పెడతాను.

రాతిగుమ్మం
మా అమ్మది చెప్తాను. రెండేళ్ల కింద, హెర్నియా ఆపరేషన్. ఏ ఆసుపత్రి అన్నది వదిలేయండి. అమ్మకు కొంచెం ఒళ్లు ఉంది. ఆపరేషన్ బాగానే అయింది కానీ, పై వరస ముందు పన్ను సగం విరిగింది. నాలుగు రోజులు మింగలేకపోయింది, గొంతు గీరుకుపోయింది. అడిగితే "ముందే ఊగుతుంటుంది లేమ్మా" అన్నారు. ఊగలేదు. అమ్మ చెరుకు కొరికి తినే మనిషి. విరిగినందుకు కాదు నా కోపం, ఒక్కరూ వచ్చి ఇదీ జరిగింది అని చెప్పనందుకు. ఇక్కడ చదువుతుంటే దిండు సరిగ్గా పెట్టకపోవడం వల్లే పన్ను పోయిందా అనిపిస్తోంది.

మత్తుమందు_అనంత
@రాతిగుమ్మం అమ్మా, చూడకుండా ఇదే కారణం అని చెప్పలేను. కానీ సంబంధం ఉంది. గొంతు కనపడనప్పుడు చేయి తెలియకుండానే స్కోప్‌ను మీటలాగా తిప్పి, పై పళ్లను ఆసరా చేసుకుని పైకి లేపుతుంది. పార పిడిని గట్టు మీద ఆనించి మట్టి పెకలించినట్టు. ఆ బలమంతా ముందు పళ్ల మీదే పడుతుంది. తల సరిగ్గా ఉంటే అంత బలం అవసరమే పడదు. మీకు చెప్పకపోవడం మాత్రం ముమ్మాటికీ తప్పు. ముందు రోజే పళ్లు చూసి, ఊగేవి ఏవో రాసుకుని, ఇలా జరగొచ్చని చెప్పాలి. జరిగితే మొదట డాక్టరే వచ్చి చెప్పాలి.

మళ్లీ ఎప్పుడైనా ఆపరేషన్ అయితే, "పోయినసారి గొట్టం వేయడం కష్టమైంది, పన్ను విరిగింది" అని మత్తు డాక్టర్‌కు మీరే చెప్పండి. అది మాకు చాలా విలువైన కబురు.

రాతిగుమ్మం
అలాగే సార్. అమ్మ పాత ఫైల్ మీద ఎర్ర ఇంకుతో రాసి పెడతాను.

చెనక్కాయ_చేను
మాది అనంతపురం దగ్గర పల్లె. మా జేజి కథ వేరే. లావు కాదు, ఎండుపుల్ల. కానీ మెడ వెనక్కి వాలదు. మా పల్లె బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. సత్యసాయి నీళ్లు రాకముందు నలభై ఏళ్లు ఆ నీళ్లే తాగింది. నడుం, మెడ కొయ్యలాగా బిగుసుకుపోయాయి. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. రాత్రిళ్లు రెండు దిండ్లు లేకుంటే తల గాల్లోనే ఉంటుంది. పోయినేడు తుంటి విరిగింది. వెన్నులో సూది దిగలేదు, ఎముక అంతా అతుక్కుపోయిందన్నారు. పూర్తి మత్తు ఇవ్వాలి, మెడేమో వంగదు. ఆ డాక్టర్ సార్ ఏం చేశారంటే, జేజి ఇంట్లో ఎలా పడుకుంటుందో నన్ను అడిగి, అట్లే రెండు దిండ్లు పెట్టారు. మెలకువలోనే గొంతు మొద్దుబారేట్టు మందు కొట్టి, ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి, దాని మీద ట్యూబ్ వేశారు. అది పడ్డాకే నిద్రపుచ్చారు. జేజి తర్వాత చెప్పింది, "దగ్గొచ్చింది గానీ నొప్పి లేదు, ఆ పిల్లోడు చేయి పట్టుకునే ఉన్నాడు" అని.

ఇప్పుడు కర్ర పట్టుకుని చేను దాకా పోతోంది.

పెన్నా_ఒడ్డు
ఆ డాక్టర్‌కు చేతులెత్తి మొక్కాలి. ఇలాంటి మెడను బలవంతంగా వెనక్కి వంచితే వెన్నుపాము దెబ్బతినొచ్చు. నేను అందుకే అందరికీ ఒకే మంత్రం వద్దన్నాను. ఫ్లోరోసిస్ అయినా, బిగుసుకుపోయిన వెన్ను ఏదైనా, తల గాల్లో వేలాడకుండా దాని కింద ఎంత సందు ఉంటే అంత నింపాలి. మెడను మన పొజిషన్‌కు తేకూడదు, మనమే మెడ దగ్గరికి పోవాలి. కీళ్లవాతం ఉన్నవాళ్లకూ ఇంతే. వాళ్లలో మెడ పైన మొదటి రెండు ఎముకలు వదులై ఉండొచ్చు.

మత్తుమందు_అనంత
ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లను కూడా చూడండి. ముందు రోజు వెళ్లి నమస్కారం పెట్టమనండి. అరచేతులు, వేళ్లు పూర్తిగా అతుక్కోకుండా మధ్యలో సందు ఉండిపోతే, వేళ్ల కీళ్లు బిగుసుకున్నాయని. మెడ పైన తల వాలే కీలు కూడా బిగుసుకుని ఉండొచ్చు. నేను వార్డులోకి పోగానే ముందు నేనే నమస్కారం పెడతాను. వాళ్లు తిరిగి పెడతారు. పరీక్ష అయిపోతుంది, వాళ్లకు టెన్షన్ కూడా తగ్గుతుంది.

ఉగ్గాని_బజ్జి
ఈ మాట మా అమ్మకు చదివి వినిపించా. ఇరవై ఏళ్ల షుగర్. వెంటనే చేతులు జోడించి చూసుకుంది. సందు ఉంది సార్. ఇప్పుడు ఆపరేషన్ ఏమీ లేదు, భయపడాలా?

మత్తుమందు_అనంత
భయం వద్దు. ఎప్పుడైనా మత్తు అవసరమైతే డాక్టర్‌కు చెప్పండి, అంతే. ఈలోపు షుగర్ అదుపులో ఉంచమనండి.

హైవే_44
నేను 108 అంబులెన్స్‌లో ఈఎంటీని. హైదరాబాద్-బెంగళూరు రోడ్డు మీద డోన్, గుత్తి మధ్య తిరిగేవాళ్లం. యాక్సిడెంట్ కేసులకు మెడపట్టీ వేసి తెస్తాం. క్యాజువాలిటీలో కొందరు వెంటనే దిండు పెట్టి తల వాల్చబోతారు. అది చూస్తే మా గుండె ఆగిపోతుంది. వాళ్లకు ఈ ఉగ్గాని పొజిషన్ పనికిరాదు కదా?

పీజీ_రెండో_ఏడు
పనికిరాదన్నా. మెడ ఎముక విరిగిందేమో అన్న అనుమానం ఉంటే మెడ కదపకూడదు. ఒకరు తల పక్కన చేరి రెండు చేతులతో తల, మెడ కదలకుండా పట్టుకుంటారు. పట్టీ ముందు భాగం తీస్తేనే నోరు తెరుచుకుంటుంది. కదలకుండా పట్టుకోవడం వల్ల గొంతు కనపడటం కష్టమవుతుంది, అందుకే వీడియో స్కోప్, బూజీ ముందే సిద్ధంగా పెట్టుకుంటాం. మొన్న రాత్రి డ్యూటీలో గంటసేపు వరసగా ముగ్గురికి తల పట్టుకునే పని నాదే. చేతులు లాగేశాయి, వదల్లేదు.

హైవే_44
సంతోషం తమ్ముడూ. మేం దారంతా ఆ మెడను కాపాడుకుంటూ తెస్తాం. మీరు కూడా అట్లే పట్టుకున్నారని తెలిస్తే తృప్తిగా ఉంటుంది.

పాలపిల్లల_మత్తు
పిల్లల గురించి ఎవరూ ఎత్తలేదు. చంటిబిడ్డకు తల పెద్దది, వెనక భాగం ఉబ్బెత్తుగా ఉంటుంది. దిండు లేకుండానే మెడ ముందుకు వంగి ఉంటుంది. అందుకే రెండేళ్ల లోపు బిడ్డకు తల కింద దిండు పెట్టను. మరీ చిన్న బిడ్డకు భుజాల కింద పలచటి గుడ్డ చుట్ట పెడతాను, తల అటూ ఇటూ దొర్లకుండా చుట్టుకుదురు లాంటి రింగ్ పెడతాను. పెద్దల కేసు అయిపోయాక అదే దిండుతో బిడ్డను పడుకోబెట్టడం చూశాను, అందుకే చెప్తున్నాను.

గర్భిణులకు సిజేరియన్‌లో పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తే ర్యాంప్ తప్పనిసరి అనుకోండి. పైగా టేబుల్‌ను ఎడమ పక్కకు 15 డిగ్రీల దాకా వాల్చాలి, లేకుంటే కడుపు బరువు పెద్ద రక్తనాళాన్ని నొక్కి బీపీ పడిపోతుంది. వాళ్లకు ఆక్సిజన్ కూడా త్వరగా అయిపోతుంది. చేతిలో ఉండే టైం చాలా తక్కువ.

తుంగభద్ర_తీరం
టైం అంటే గుర్తొచ్చింది మేడం. మా కేసులో శాచురేషన్ అంత త్వరగా ఎందుకు పడిపోయింది? మందు ఇచ్చే ముందు మాస్కుతో ఆక్సిజన్ ఇచ్చాం.

పాలపిల్లల_మత్తు
ఎంతసేపు ఇచ్చారు, ఎలా పడుకోబెట్టి ఇచ్చారు అన్నదే విషయం. మామూలుగా ఊపిరి తీసుకుంటూ ఉంటే 3 నిమిషాలు, మాస్కు బిగుతుగా పట్టుకుని ఇవ్వాలి. ఊపిరితిత్తులు తొట్టి లాంటివి, అందులో ఆక్సిజన్ నింపుతున్నాం. ఆరోగ్యంగా, సన్నగా ఉన్న మనిషికి నిండా నింపితే ఊపిరి ఆగిన తర్వాత కూడా ఏడెనిమిది నిమిషాలు నిలుస్తుంది. బాగా లావున్న మనిషికి మూడు నిమిషాలు కూడా దక్కవు. చదునుగా పడుకోబెడితే పొట్ట పైకి తోసి తొట్టే చిన్నదైపోతుంది. 2005లో ఆస్ట్రేలియాలో చూశారు. బాగా లావున్నవాళ్లను తల వైపు 25 డిగ్రీలు లేపి ఆక్సిజన్ ఇస్తే, చదునుగా ఇచ్చినప్పటి కంటే సుమారు 46 సెకన్లు ఎక్కువ నిలిచింది. 46 సెకన్లేనా అనిపిస్తుంది. 82 చూసినవాడివి, ఆ సెకన్ల విలువ నీకు చెప్పక్కర్లేదు.

ట్యూబ్ వేస్తున్నంతసేపూ ముక్కులోంచి నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్ పోతూ ఉండాలి. మన దేశంలో ఏఐడీఏఏ (ట్యూబ్ వేయడం కష్టమైన కేసుల మీద పనిచేసే సంఘం) వాళ్లు 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఇది ఉంది. మళ్లీ ప్రయత్నించే ముందు పొజిషన్ సరిచేయమని కూడా అందులోనే చెప్పారు.

తుంగభద్ర_తీరం
ఒకటిన్నర నిమిషం ఇచ్చి ఉంటాం. చదునుగానే. ముక్కు గొట్టం పెట్టలేదు.

పెన్నా_ఒడ్డు
ఇక్కడ మాత్రం నేను అనంత సార్‌తో పూర్తిగా కలుస్తాను. గొంతు కనపడటం గురించి మేం ఎంతైనా వాదించుకోవచ్చు. ఆ తొట్టి గురించి వాదన లేదు. లావు మనిషికి ర్యాంప్ ముందే కట్టు.

కడప_సిస్టర్
ర్యాంప్ కట్టి వదిలేయొద్దు. భుజాలు పైకి లేచాక చేతులు టేబుల్ పక్క పలకల మీద కిందికి, వెనక్కి వేలాడతాయి. మూడు గంటలు అలా ఉంటే చేతి నరాలు సాగి, లేచాక వేళ్లు తిమ్మిరి అంటారు. పలకల మీద కూడా దుప్పటి మడిచి చేతులను భుజం మట్టానికి లేపాలి, 90 డిగ్రీలకు మించి చాపకూడదు. ఒకసారి ఇది మర్చిపోయాను. ఆ పేషెంటు నెల రోజులు చెంబు పట్టుకోలేకపోయాడు. తర్వాత కోలుకున్నాడు. అతని ముఖం ఇంకా గుర్తుంది.

పీజీ_రెండో_ఏడు
ట్యూబ్ పడ్డాక ర్యాంప్ తీసేయొచ్చా?

మత్తుమందు_అనంత
సర్జరీకి అడ్డం కాకపోతే ఉంచేయ్. తీయాల్సి వస్తే, తల కదిలినప్పుడల్లా ట్యూబ్ కూడా కదులుతుందని గుర్తుపెట్టుకో. ముక్కు ఎటు పోతే ట్యూబ్ అటు. గడ్డం ఛాతీ వైపు వంగితే లోపలికి దిగి ఒక ఊపిరితిత్తిలోకే పోవచ్చు, తల వెనక్కి వాలితే బయటికి జరగొచ్చు. కదిపిన ప్రతిసారీ రెండు పక్కలా స్టెత్ పెట్టి విను, కార్బన్ డయాక్సైడ్ గీత చూడు.

ఇంకో సంగతి అందరూ మర్చిపోతారు. ట్యూబ్ తీసేటప్పుడు కూడా తల వైపు ఎత్తుగా ఉండాలి. మళ్లీ వేయాల్సి వస్తే అప్పుడు దుప్పట్లు వెతుక్కోకూడదు.

పరుపుల_అంగడి
నాది ఆదోనిలో పరుపుల అంగడి. సోఫా సీట్లు, ఆటో సీట్లు కూడా కుడతాం. ఇదంతా రాత్రి కూర్చుని చదివాను. దుప్పట్లు ఎందుకు పేర్చడం? గట్టి ఫోమ్‌తో వాలు దిమ్మె చేసి, రెగ్జిన్ కవర్ వేస్తే సరిపోదా? మెట్లు కావాలంటే మూడు ముక్కలుగా చేసి వెల్‌క్రో పట్టీలతో అతికించొచ్చు, ఒక్కొక్కటి తీసుకోవచ్చు. కొలతలు చెప్తే చేస్తాను. డబ్బులు ఫోమ్‌కు మాత్రమే ఇవ్వండి. మా ఇంట్లో ఆమెకు పోయినేడు ఆపరేషన్ అయింది. ఆమెది కూడా 90 కిలోలు.

మత్తుమందు_అనంత
అన్నా, ఇలాంటివి రెడీమేడ్‌గా అమ్ముతారు, ఖరీదు ఎక్కువ. మీరు చేస్తే చాలా థియేటర్లకు మేలు. రెండు మాటలు చెప్తాను. ఫోమ్ మెత్తగా ఉంటే 100 కిలోల మనిషి కింద అణిగిపోయి మళ్లీ చదునైపోతుంది. బాగా గట్టిది కావాలి. కుట్ల సందుల్లోంచి రక్తం, నీళ్లు లోపలికి పోకూడదు, ప్రతి కేసు తర్వాత మందుతో తుడుస్తాం. తల దగ్గర వేరే చిన్న ముక్క ఉండాలి, అది తీసిపెట్టుకునేలా.

కడప_సిస్టర్
కింది వైపు జారకుండా గరుకు గుడ్డ వేయండి అన్నా. టేబుల్ మీద జారితే మనిషి జారినట్టే.

తుంగభద్ర_తీరం
నేను కొలతలు తీసుకుని ఆదివారం ఆదోనికి వస్తాను అన్నా.

తుంగభద్ర_తీరం
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. దిమ్మె వచ్చింది, మూడు ముక్కలు, నీలం రెగ్జిన్. ముందుగా నేనే దాని మీద పడుకున్నాను, మేడం పక్క నుంచి చెవి, గుంట చూశారు. తర్వాత ఈ చర్చ మొత్తం మా సీనియర్ అన్నకు చూపించాను. ఏమీ అనలేదు. మర్నాడు లిస్టులో 98 కిలోల ఆవిడ, బొడ్డు హెర్నియా. నేను థియేటర్‌లోకి వచ్చేసరికి అన్నే దిమ్మె టేబుల్ మీద వేసి, చేతి పలకల మీద దుప్పట్లు మడుస్తున్నాడు. ఆవిడ తనే ఎక్కి పడుకుంది. "ఆసుపత్రిలో ఇంత సుఖంగా ఎప్పుడూ పడుకోలేదు" అంది. 3 నిమిషాలు ఆక్సిజన్ ఇచ్చాం, గడియారం చూసి. సర్జన్ చేతులు కడుక్కుని వచ్చి నిలబడ్డారు, ఏమీ అనలేదు. మేడం ఒక్కసారే స్కోప్ పెట్టారు. స్వర తంత్రులు నాకు కూడా కనపడ్డాయి. శాచురేషన్ 98 దిగలేదు. పొట్ట ఆపరేషన్ కాబట్టి దిమ్మె అలాగే ఉంచేశాం, లేపేటప్పుడూ అక్కరకు వచ్చింది.

మత్తుమందు_అనంత
చాలా సంతోషం బాబూ. మీ అన్నకు నా నమస్కారం చెప్పు.

కడప_సిస్టర్
మాకు కూడా రెండు కావాలి. పరుపుల అన్నా, ఇదే కొలతలేనా?

పరుపుల_అంగడి
కొలతలు ఇవే అమ్మా. తల ముక్క మాత్రం రెండు ఎత్తుల్లో పంపిస్తాను, సన్నవాళ్లకు ఒకటి, లావువాళ్లకు ఒకటి. కర్నూలు తమ్ముడూ, వాడాక ఏమైనా ఇబ్బంది ఉంటే చెప్పు, వీటిలో సరిచేస్తా.

తుంగభద్ర_తీరం
ఒక్కటే అన్నా. కవర్ జిప్ పక్కన ఉంది, ఆవిడ మోచేతికి గీసుకుంది. జిప్ కింది వైపుకు పెట్టు.